మూడో డబ్బా చీటీలు

మా పక్కింటి గుమాస్తా అన్నయ్య పోయిన రోజు నేను ఆయన్ని తిట్టడానికి సిద్ధంగా కూర్చుని ఉన్నాను. ఉదయం పదికి రావలసిన మనిషి పదింపావైనా రాలేదు. కంప్యూటరు తెరిచి, కళ్లజోడు తుడుచుకుని, "ఆలస్యానికి కారణం కూడా చీటీ మీద రాసుకొచ్చారా అన్నయ్యా?" అనే మాట నాలుక చివర పెట్టుకున్నాను. గేటు చప్పుడైంది. వచ్చింది ఆయన కాదు, ఆయన కూతురు.

"నాయిన పోయిండత్తా," అంది. "పొద్దుగాల చాయ్ తాగిండు. నీ దగ్గరికి వస్తనని అంగి తొడుక్కుంట, గట్లనే మంచం మీద ఒరిగిండు. జేబుల చీటీలు గూడ పెట్టుకున్నడు."

తొంభై నాలుగేళ్ల మనిషి పోతే ఎవరూ అయ్యో అనరు. నిండు జీవితం అంటారు. జీవితం నిండితే నిండింది, ఆయన పని మాత్రం సగంలో ఆగింది. ఆ పని ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన్ని పొగిడితే నన్ను లేచి వచ్చి మందలిస్తారు కాబట్టి, వీలైనంత వరకు పొగడను.

వాళ్లది రాయచూరులో తరాల నాటి తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఉర్దూ. చదువంతా నిజాం కాలంలో సాగింది గనుక ఆయనకు ఉర్దూ తప్ప మరో లిపి చేతికి రాలేదు. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాగా చేరారు. తరవాత రాయచూరును మైసూరు రాష్ట్రంలో కలిపారు, ఆఫీసు కాగితాలు మెల్లగా కన్నడంలోకి మారాయి. "శనివారం ఇంటికి పోయిననాడు చదువుకున్నోన్ని. సోమవారం దఫ్తర్‌కు వచ్చేసరికి వేలిముద్రగాన్నైన," అని నవ్వుతూ చెప్పేవారు. నవ్వు తరవాతి రోజులది. అప్పుడు మాత్రం కన్నడ పరీక్ష ప్యాసు కాకపోతే నౌకరీకే ముప్పు.

చీటీల అలవాటు ఆ భయంలో పుట్టింది. పాత రాజ్యం నాటి ఉర్దూ ఫారాలు ఆఫీసులో చిత్తుకు పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నారు. వాటి వెనకవైపు ఖాళీ. ఒక్కో కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కకు ఒక్క సంగతి చొప్పున రాసుకునేవారు. మొదట కన్నడ మాటలు. పరీక్ష గట్టెక్కాక కూడా చెయ్యి ఆగలేదు. కనపడినవన్నీ చీటీకెక్కాయి.

ఆ చీటీలు తాడు కట్టిన మూడు కట్టలు. అడగాల్సినవి, తెలిసినవి, చెప్పినవి. రైలు కూత దగ్గరికి వచ్చేటప్పుడు ఒక రకంగా, దాటిపోయాక ఒక రకంగా ఎందుకు వినపడుతుందని ఒకసారి ఆయనకు అనుమానం వచ్చింది. అది అడగాల్సిన కట్టలో పడింది. నేను పనిచేసే బడి సైన్సు మాస్టారిని అడిగి తెలుసుకున్నారు, రెండో కట్టలోకి మారింది. స్టేషను ఎదుట టీ కాచే ఆయనకు ఓపిగ్గా వివరించి వచ్చాకే మూడో కట్టలో చేరింది. ఇంకొకరికి చెప్పేదాకా తెలిసినట్టు కాదని ఆయన లెక్క. ఆ లెక్క వల్ల మా వీధిలో పాలవాడికి కూడా గ్రహణాల సంగతి తెలుసు.

పొద్దున్నే కట్టల్లోంచి ఐదు చీటీలు తీసి చొక్కా జేబులో పెట్టుకుంటే అదే ఆ రోజు పని. ఐదేనా, పది పెట్టుకోవచ్చు కదా అన్నాను ఒకసారి.

"ఐదు దాటితే అంగి గుంజుతది చెల్లె. అంగి గుంజుతె పానం గుంజుతది."

సాయంత్రానికి రెండు మిగిలిపోతే బాధపడకుండా కట్టలో తిరిగి దూర్చేవారు. "ఈ దినం కాలే. రేపున్నది గద," అనేవారు. వాళ్లావిడ, నేను వదినా అని పిలిచే మనిషి, నాకంటే మాటకారి. "డాక్టరు ఈయన గుండె కోస్తె నెత్తురు రాదు వదినె, చీటీలొస్తయి," అనేది. ఆవిడ ముందే వెళ్లిపోయింది.

నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని. కాలువ కింద భూములు చవగ్గా వస్తున్నాయని మా అత్తింటివారు మాన్వి దగ్గర వలస రైతుల క్యాంపులో దిగారు. నాకు రాయచూరులో టీచరు ఉద్యోగం వచ్చి, పట్నంలో వాళ్ల పక్క వాటాలో అద్దెకు చేరాను. ఉద్యోగం ఖాయం కావాలంటే నేనూ కన్నడ పరీక్ష రాయాలి. ఇక్కడ మా తెలుగువాళ్లు చేసే తప్పే నేనూ చేశాను. అక్షరాలన్నీ మన అన్నదమ్ముల్లా ఉన్నాయి, వారం రోజుల పని అనుకున్నాను. పరీక్షలో కన్నడ అక్షరాలతో దర్జాగా తెలుగు రాసి వచ్చాను. తప్పాను. ఇంకొక్క అవకాశం ఉంది.

మా ఆయన క్యాంపు నుంచి వచ్చి ఓదార్చిన తీరు ఇది: "ఉద్యోగం లేకపోతే పోయిందిలే, వచ్చెయ్. కోతలకి మనుషులు దొరకట్లేదు."

ఆ మాట గోడ అవతలికి వినపడినట్టుంది. ఒక నెల గడిచాక అన్నయ్య ఒక చీటీల కట్ట తెచ్చి ఇచ్చారు. ఒక్కో చీటీ మీద ఒక కన్నడ మాట, దాని అర్థం తెలుగులో, దాన్ని వాడే ఒక వాక్యం. తెలుగు అక్షరాలు చలికి ముడుచుకున్నట్టున్నాయి. నా నోరు ఊరుకుంటుందా?

"ఎవరింటి ఒకటో తరగతి పిల్లాడి చేత రాయించారన్నయ్యా?"

"నేనే రాసిన చెల్లె," అన్నారు. "ఉర్దూల రాస్తె నువ్వు చదవలేవు గద. మీ బడి పిల్లల వాచకం తెచ్చుకొని నెల దినాలు నేర్చుకున్న. మా అమ్మ మాట్లాడిన భాష, నాకు రాయనే రాకుండె. నీ పేరు మీద అదీ వచ్చె."

ఆ కట్టతో చదివి ప్యాసయ్యాను. ఈ జిల్లాలో ముప్పై ఏళ్ల పైచిలుకు పాఠాలు చెప్పాను. కృతజ్ఞత చెప్పానా అంటే, "మీ దస్తూరీని భరించి ప్యాసయ్యాను, గొప్పంతా నాదే," అన్నాను. ఆయనకు అర్థమైంది. అర్థమవుతుందనే ధైర్యంతోనే జీవితమంతా అలా మాట్లాడుతూ వచ్చాను. ఇప్పుడు ఆ ధైర్యం అంత బాగా అనిపించడం లేదు.

ఎవరికి ఏం రాసి ఇచ్చినా ఆయన ఒకటే చెప్పేవారు. "సాదా రాయి. పక్కోడు చదివేటట్ల రాయి." తనకోసం రాసుకునే చీటీలు మాత్రం చేతి అలవాటు కొద్దీ ఉర్దూ అక్షరాల్లోనే సాగాయి. మాట తెలుగు, అక్షరం ఉర్దూ. అది కూడా ఆఫీసులో పరుగు మీద రాసిన చెయ్యి, అక్షరాన్ని గుర్తుపట్టించే చుక్కలు సగం ఎగిరిపోయి ఉంటాయి. మూడు రేకు డబ్బాలు నిండాయి.

రిటైరయ్యాక చాలా ఏళ్లకు కూతురు ఆయన ఫోనులో ఏదో నోట్సు యాప్ వేసింది. అందులో రంగులున్నాయి, గంటలున్నాయి, గుర్తు చేసే బొమ్మలున్నాయి. ఆయన ఒక వానాకాలమంతా వణికే వేలితో అందులో రాసుకున్నారు. ఫోను మారింది. కొత్త ఫోనులో యాప్ పాస్‌వర్డు అడిగింది. అది ఎవరికీ గుర్తు లేదు. "రంగులున్నయి, గంటలున్నయి. నేను రాసిన మాట ఏడుంది బిడ్డా?" అని ఆ పిల్లని అడిగారట. కోపంగా అడిగినా బాగుండేది, అంది ఆ పిల్ల.

అప్పుడు నేను నా కంప్యూటరులో ఉత్త అక్షరాల ఫైలు తెరిచి చూపించాను. మా మనవరాలితో పందెం కట్టి తెలుగు టైపింగు నేర్చుకున్న దాన్ని నేను. ఆ ఫైలులో రంగు లేదు, గడి లేదు, బొమ్మ లేదు. ఏ యంత్రంలో వేసినా తెరుచుకుంటుంది, ఎవరి పాస్‌వర్డూ అడగదు. ఒక వరుసకు ఒక సంగతి. ముందు తేదీ, తరవాత ఆయన మూడు మాటల్లో ఒకటి: అడగాలె, తెలిసె, చెప్పిన. ఆ తరవాత విషయం. ఆయన నోటితో చెప్పిన కొన్ని సంగతులు నమూనాకు ఎక్కించి, "చెదలు" అని కొట్టి వెతకమంటే చెదల మాటున్న వరుసలన్నీ బయటికి వచ్చి నిలబడ్డాయి. ఆయన తొడ చరుచుకున్నారు.

"గిది నా చీటీనే చెల్లె! తాడొక్కటి లేదు, గంతే!"

మర్నాడు మొదటి డబ్బా చంకన పెట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని మూత తీశారు. తరవాత అన్నారు: "నేను తప్పు చేసిన. ఊరంతటికి సాదా రాయమని చెప్పిన. నా ఇంట్ల ఎవ్వరు చదవలేని అక్షరాలల్ల రాసి పెట్టిన. నా బిడ్డకు కన్నడం వచ్చు, మనుమరాలికి ఇంగ్లీషు వచ్చు. నేను పోతే ఇవి పొయ్యిలకే."

అలా మొదలైంది. ఆయన చీటీ చూసి తెలుగులో చదవాలి, నేను టైపు చేయాలి. రోజూ పది నుంచి పన్నెండు వరకు. ఆయన చూపు తగ్గిపోతోంది, చీటీలు తగ్గడం లేదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. తెలిసే పోట్లాడుకునేవాళ్లం.

"ముందు పాత డబ్బా తీయండన్నయ్యా. కాలువ వచ్చిన రోజుల సంగతులు మీకు తప్ప ఎవరికి తెలుసు?"

"పాతయి ఏడికి పోతయి? పనికొచ్చేటియి ముందల రాయి. చెదలకు ఏం పూయాలె, మోటరు కాలితె ముందుగాల ఏం చూడాలె. ఎవలో ఒకలు ఎతుక్కుంటరు."

"మీకు తొంభై దాటాయి."

"అందుకే జల్ది జల్ది కొట్టు."

చెప్పింది చెప్పినట్టు కొట్టడం నాకు చేత కాదు. వాక్యాన్ని కాస్త దువ్వి బొట్టు పెట్టేదాన్ని. ఆయన తిరిగి చదవమనేవారు. "గిది నా మాట కాదు, నీ బడి మాట. నా మనుమరాలు చదివితె ఎవలో పంతులమ్మ చెప్పిందనుకుంటది. సాదా రాయి చెల్లె," అని చెరిపించేవారు. చెరుపుతూ నేను సణిగేదాన్ని. ఆయన ఆ సణుగుడు వింటూ తరవాతి చీటీని కళ్లకు దగ్గరగా, ఇంకా దగ్గరగా, ముక్కుకు తగిలేదాకా తెచ్చుకునేవారు.

మొదటి డబ్బా పూర్తయింది. రెండోది సగమైంది. మూడోదాని మూత తీయకముందే ఆయన పోయిన గురువారం వచ్చింది.

పదకొండో రోజు అయ్యాక కూతురు మిగిలిన చీటీలన్నీ మోసుకొచ్చింది. "ఏం చెయ్యమంటవత్తా? పారేద్దమంటే పానం ఒప్పుతలేదు," అంది. మా వీధి చివర రిటైరైన ఉర్దూ టీచరమ్మ ఉంది. ఆవిడకు చూపించాం. అద్దం పెట్టుకుని చాలాసేపు తంటాలు పడి, కొన్ని శబ్దాలు పలికి, తలెత్తింది. "హర్ఫ్ మేరే హైఁ ఆపా, బాత్ తుమారీ హై," అంది. అక్షరాలు నావి, మాట మీది అని. చుక్కలు లేని ఆ రాతలో, తెలుగు మాట ముందే తెలిసిన వాళ్లకే అక్షరం చేతికందుతుందట. రెండూ ఒకే బుర్రలో ఉండాలి. అలాంటి బుర్ర మొన్నటిదాకా ఒకటి ఉండేది.

ఆ మర్నాటి నుంచి నేను పలకా బలపం పట్టుకుని ఆవిడ దగ్గర కూర్చుంటున్నాను. ఎనభై రెండేళ్ల చెయ్యి కుడి నుంచి ఎడమకు నడవనంటుంది. ఒక్కో అక్షరం మాట మొదట్లో ఒక ముఖం, మధ్యలో ఒక ముఖం పెట్టుకుంటుంది. ముప్పై ఏళ్లు పిల్లల్ని నేను తిట్టిన తిట్లన్నీ ఆవిడ నాకు మర్యాదగా, ఉర్దూలో, తిరిగి అప్పజెబుతోంది. అక్షరాలు కొన్ని చేతికి వచ్చాక, అన్నయ్య వద్దన్న పని చేశాను. ఆయన చివరికి నెట్టిన పాత చీటీల డబ్బా, ఆ మూడోదాని మూత తీశాను.

అన్నిటికన్న అడుగున ఉన్న చీటీ తీసుకున్నాను. అది చదవడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు "నీళ్లు" దొరికింది. రెండో రోజు "కాలువ". మూడో రోజు మధ్యాహ్నం మిగతాది ఒక్కసారిగా, ఆయన గొంతుతో, వచ్చేసింది. ఉద్యోగం మీద మాన్వి వైపు ఉపకాలువకు తొలిసారి నీళ్లు వదిలిన రోజున గట్టు మీద నిలబడి రాసుకున్నట్టున్నారు. దువ్వలేదు, బొట్టు పెట్టలేదు. ఫైలులో ఉన్నదున్నట్టు కొట్టాను:

అడగాలె: ఎండిన కాలువల నీళ్లు వస్తున్నయి. జనమంత గట్టు మీద నిలబడి చూస్తున్నరు. నీళ్లు ఇంక దూరమున్నయి. గీ లోపట్నే కాలువ అడుగున ఉన్న చీమలు గుడ్లు నోట పెట్టుకొని బార్లు బార్లుగ గట్టెక్కుతున్నయి. వాటికి ఎవలు చెప్పిన్రు?