రెండో సైరన్

మా బాపు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ సెక్షన్ మనిషి. నేను ఎలుకల ఆందోళన మీద పరిశోధన చేసినదాన్ని. ఈ రెండింటికీ ఏం సంబంధమని అడిగినవాళ్ళకు నోటితో చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇవాళ రాస్తున్నాను. గొప్పలు పోతోందని అనుకుంటే అనుకోండి. గోదావరిఖనిలో పుట్టినవాళ్ళకు గొంతు కాస్త పెద్దదే. పక్కన డంపర్లు పోతుంటే మెల్లగా మాట్లాడితే ఎవరికి వినిపిస్తుంది?

మా క్వార్టర్ గనికి దగ్గర. మధ్యాహ్నం బొగ్గు మీది బండను పేల్చే ముందు ఒక సైరన్ మోగేది. అందరూ దూరం జరగండి, మందుగుండు అంటించబోతున్నాం అని దాని అర్థం. కాసేపటికి ఇల్లంతా ఒక్కసారి అదిరేది. గూట్లో గిన్నెలు గలగలమనేవి, గోడ పెచ్చు ఏదో ఒకటి రాలేది. ఆ తర్వాత పేల్చిన చోటంతా చూసుకుని, ఎవరికీ ఏమీ కాలేదని తేల్చుకున్నాక రెండో సైరన్ మోగించేవాళ్ళు. మా బాపు ప్రాణంతో ఉన్నాడన్న కబురు మా ఇంటికి రోజూ అట్లానే వచ్చేది.

మొదటి సైరన్‌కూ రెండో సైరన్‌కూ మధ్య మా అమ్మ ఏ పనీ చేసేది కాదు. పెనం మీద రొట్టె ఉంటే పొయ్యి ఆర్పేసేది. అన్నం కలుపుతుంటే చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. ఎవరినైనా తిడుతుంటే ఆ తిట్టు కూడా సగంలో ఆగేది, మా అమ్మ తిట్టు ఆపడమంటే మాటలు కాదు. మా వాడకట్టులో బ్లాస్టింగ్ వాళ్ళ ఇళ్ళన్నీ ఇంతే. మొగుడు మందుగుండు దగ్గర ఉండగా పెళ్ళాం ముద్ద మింగకూడదని ఒక పట్టింపు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఎవరూ తప్పలేదు.

మాకొక మేక ఉండేది. మొదటి సైరన్ వినగానే అది నమలడం ఆపి, చెవులు నిక్కించి, వచ్చి గడపలో అమ్మను ఆనుకుని నిలబడేది. ఇల్లు అదిరినప్పుడు దాని ఒళ్ళు కూడా వణికేది. రెండోది మోగిందా, ఇక దానంత ధైర్యవంతురాలు లేదు, తిన్నగా పోయి పక్కింటి తోటకూర మీద పడేది. "నీ మేక నోరు పడిపోను!" అని పక్కింటి అక్క అరిస్తే, "మేక గాకపోతే నేను తింటనా నీ ఆకు?" అని అమ్మ తిరిగి అరిచేది. అమ్మ గొంతులో ఆ జోరు వినిపించిందంటే బాపు క్షేమమన్నమాటే.

గాలి అటువైపు తిరిగినా, ఎండాకాలం కూలర్లు మోత పెట్టినా రెండో సైరన్ మా ఇంటిదాకా సరిగా వచ్చేది కాదు. అప్పుడు అది నా డ్యూటీ. గల్లీ చివరిదాకా ఉరికి, చెవి ఒగ్గి నిలబడి, వినిపించగానే నోటితో "ఊఁ..." అని సైరన్ ఊదుకుంటూ వెనక్కి పరుగెత్తేదాన్ని. ఒక్కొక్క తలుపూ తెరుచుకునేది. "మోగిందా బిడ్డా?" అని ఒక అవ్వ. "మోగింది, మోగింది, తినుండ్రి!" అని నేను. నా అంత బాగా సైరన్ ఊదిన పిల్ల మా వాడకట్టులో ఇంకొకతె లేదు. ఈ విషయంలో ఎవరితోనైనా పందెం కాస్తాను.

పెద్దయ్యాక చదువుకోసం హైదరాబాద్ వెళ్ళి, ఒక ప్రయోగశాలలో పరిశోధనకు చేరాను. ఒత్తిడిలో ఉన్న జంతువు మెదడులో ఏ దారులు ఆందోళనను పెంచుతాయి, ఏవి తగ్గిస్తాయి అన్నది నా పని. "మా బిడ్డ ఎలుకల మనసు చదువుతది" అని బాపు గనిలో అందరికీ చెప్పుకున్నాడు. దానికి ఆయన దోస్తు ఒకాయన, "గంతే గదనే! బాపేమో కొండలు తవ్వె, బిడ్డ ఎలుకను వట్టె" అన్నాడట. బాపు పడీ పడీ నవ్వి, నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ప్రయోగం అర్థం కావడం కష్టమేమీ కాదు. చిట్టెలుకకు ఒక శబ్దం వినిపించాలి, వెంటనే కాళ్ళకు చిన్న కరెంటు చురుకు తగిలించాలి. అట్లా కొన్నాళ్ళు చేశాక దాన్ని తీసి, ఎత్తుగా నిలబెట్టిన చెక్క కూడలి మీద వదలాలి. ఆ కూడలిలో రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఆందోళనలో ఉన్న ఎలుక గోడచాటు వదలదు. మనసు కుదుటపడ్డ ఎలుక గోడల్లేని దారిలోకి వచ్చి, అంచుదాకా పోయి, కిందికి తొంగి చూస్తుంది. మెదడు లోపల అమిగ్డలా అని బాదంపప్పు ఆకారంలో ఒక భాగం ఉంది. ప్రమాదమని ఒళ్ళంతటినీ లేపేది అదే. నుదుటి వైపు మెదడు నుంచి దాని దగ్గరికి కొన్ని నరాల దారులు వస్తాయి, ఇక చాలు తగ్గు అని చెప్పడానికి. ఆ దారులను చూడాలంటే ముందు నా ఎలుకలు భయపడాలి.

నా ఎలుకలు భయపడలేదు. చురుకులు తిని వచ్చి కూడా, గోడల్లేని దారిలో పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా తిరిగాయి. పరికరం విప్పి చూశాను, కరెంటు సరిగానే ఉంది. మా గైడ్ మేడమ్ వీడియోలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ బ్యాచ్ పారెయ్. ఎక్కడో తప్పు చేశావు."

"ఎలుకలు బాగానే ఉన్నాయి మేడమ్, తప్పు వాటిది కాదు" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"అయితే నీదే" అంది ఆవిడ. "ఈ వేసవితో నీ ఫెలోషిప్ అయిపోతుంది. తప్పేమిటో కనిపెట్టి చెబితే పొడిగింపు కోసం నేను మాట్లాడతాను. చెప్పలేకపోతే డిగ్రీ మీద ఆశ వదులుకో."

ఇన్నేళ్ళ చదువు ఒక్క మాటతో పోయేలా ఉంది. డిగ్రీ లేకుండా ఇంటికి పోతే, గనంతా చాటింపు వేసిన మా బాపు తల ఎక్కడ పెట్టుకుంటాడు? ఏమీ తోచక రైలెక్కి రామగుండంలో దిగాను. ఎండ నెత్తిమీద నిప్పులు పోస్తోంది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు, సెలవులని అబద్ధమాడాను.

మరునాడు మధ్యాహ్నం బాపు డ్యూటీలో ఉన్నాడు. అమ్మ వేడివేడి జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, "ఏందే గట్ల చిక్కినవు? ఎలుకలకు పెట్టి నువ్వు పస్తులుంటున్నవా?" అని దెప్పుతోంది. అంతలో మొదటి సైరన్ మోగింది. అమ్మ నోరు ఆగింది. గడపలోకి మేక వచ్చింది. పాత మేక ఎప్పుడో పోయింది, ఇది దాని మనవరాలు, దానికీ ఆ బుద్ధే వచ్చింది. నేను కిందికి చూసుకున్నాను. రొట్టె ముక్క పట్టుకున్న నా చెయ్యి కూడా కంచంలోనే ఆగిపోయి ఉంది. ఆపాలని నేను అనుకోలేదు.

ఇల్లు అదిరింది. మేక వణికింది. కూలర్ ఆపి ముగ్గురం విన్నాం. రెండో సైరన్ మోగింది. మేక పక్కింటి వైపు నడిచింది, అమ్మ "తిను బిడ్డా" అంది, నా చెయ్యి కదిలింది. ముద్ద నోట్లో పెట్టుకున్నదాన్ని అట్లాగే లేచి నిలబడ్డాను.

ఓరి దేవుడా! నేనూ రెండోది మోగించాను. ప్రయోగం పద్ధతిలో ఉన్నది ఒకే శబ్దం, చురుకుకు ముందు వచ్చేది. కంప్యూటర్‌లో దాన్ని రాసుకునేటప్పుడు, చురుకు అయిపోయాక ఇంకో శబ్దం కూడా పెట్టేశాను. పెట్టమని ఎవరూ చెప్పలేదు. తర్వాత ఎన్నిసార్లు సరిచూసినా అది అదనమని నా కంటికి తట్టలేదు. ఒక్కసారి మోగి ఊరుకునే సైరన్ ఉంటుందని నాకేం తెలుసు? నా ఎలుకలకు ప్రతిసారీ అయిపోయిందన్న కబురు అందింది. అందుకే అవి తేరుకున్నాయి.

ఎంగిలి చేత్తోనే మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ అంతా వింది.

"అసలు రెండో శబ్దం ఎందుకు పెట్టావమ్మా?"

"మా ఊళ్ళో సైరన్ రెండుసార్లు మోగుతుంది మేడమ్."

"వెంటనే బయలుదేరి రా" అంది. "పొడిగింపు సంగతి నేను చూసుకుంటాను. ఆ ఎలుకలను పారెయ్యకు."

అమ్మ ఏమీ అర్థంకాక, "గా ఎలుకలకేమన్న అయిందా?" అంది. "మంచిగున్నయే అమ్మా, మస్తు మంచిగున్నయి!" అని ఆమెను పట్టుకుని గిర్రున తిప్పాను. కూర గిన్నె బోర్లా పడితే, రెండు తిట్లు తిని బ్యాగు సర్దుకున్నాను.

మళ్ళీ చేశాం, ఈసారి తెలిసి చేశాం. సగం ఎలుకలకు మొదటి శబ్దం మాత్రమే, సగానికి రెండూ. మొదటిది మాత్రమే విన్నవి గోడచాటున నక్కాయి. రెండూ విన్నవి అంచుదాకా వచ్చాయి. ఆ రెండో గుంపులో, నుదుటి వైపు నుంచి అమిగ్డలాకు వెళ్ళే ఒక దారిని మందుతో కాసేపు మూశాం. రెండు శబ్దాలూ విన్నా అవి కూడా గోడచాటుకు చేరాయి. ముగింపు సంకేతం ఉంటే జీవి తేరుకుంటుందన్నది నేను కనిపెట్టిందేమీ కాదు, మా రంగంలో పెద్దలకు ముందే తెలుసు. నేను చూపించింది మెదడులో ఒక సన్నని దారి, అంతే. అయినా అది నా దారి. దాన్ని తలచుకుంటే ఈ రోజుకీ నా ఛాతీ ఉప్పొంగుతుంది.

ఆఖరి మౌఖిక పరీక్షకు అమ్మా బాపూ వచ్చారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, అమ్మ సర్వపిండి చేసి డబ్బాలో తెచ్చింది. వాళ్ళను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, "తింటూ ఉండండి, చాలాసేపు పడుతుంది" అని లోపలికి వెళ్ళాను. తలుపు మూసుకుంది. పరీక్షకులు ఒక్కొక్కరే ప్రశ్నల వర్షం కురిపించారు. చివరికి ఒక పెద్దాయన, "రెండో శబ్దం ఏ పద్ధతిలోనూ లేదే, మీకెట్లా తట్టింది?" అని అడిగాడు. గొంతు సవరించుకుని గని గురించి, మా బాపు గురించి, కంచంలో ఆగిపోయే చేతుల గురించి చెప్పాను. మేక, తోటకూర దగ్గర గదంతా నవ్వింది. పెద్దాయన లేచి నాకు చెయ్యి కలిపాడు.

తలుపు తీసుకుని బయటికి వచ్చాను. బెంచీ మీద అమ్మ కదలకుండా కూర్చుని ఉంది. ఒళ్ళో డబ్బా, మూత తియ్యలేదు. పక్కనే బాపు నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళు మందుగుండు పేల్చిన మనిషి, అరచేతుల చెమట ఇస్త్రీ చొక్కాకు తుడుచుకుంటున్నాడు. ఇద్దరూ నా ముఖంలోకి చూశారు. ఇక నాకు వచ్చిన విద్యే చేశాను.

"ఊఁ..." అని, గల్లీ చివరినుంచి ఊదినట్టు, ఆ వరండా అంతా మోగేలా ఊదాను. అటెండర్లు బిత్తరపోయి తలలు బయటపెట్టారు.

అమ్మ డబ్బా మూత తీసింది.

బాపు బెంచీ మీద కూలబడ్డాడు. అమ్మ వైపు తిరిగాడు.

"గిట్లుంటదానే?" అన్నాడు. "లోపటోళ్ళ కోసం బయట కూసునుడు... గిట్లుంటదా?"

అమ్మ సర్వపిండి తుంచి ఆయన చేతిలో పెట్టింది.

"ఎరుకైందా ఇగ? తిను" అంది.