ఎడారికి రెండు ఖాకీ చొక్కాలు

కాలాపేట యూనివర్సిటీలో చదివే ఆ రోజుల్లో నేను చాలా గొప్పింటి బిడ్డను. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకు తప్ప అందరికీ తెలుసు. నాన్న ప్రభుత్వ బస్సులో కండక్టరు. స్నేహితురాళ్లు అడిగితే మాత్రం "గవర్నమెంటు ఉద్యోగం" అని అక్కడితో ఆపేసి మాట మార్చేదాన్ని (అబద్ధమైతే కాదు కదా!). ఆయన బస్సు తిరిగేది మా యూనివర్సిటీ వైపు రాని కదిర్కామం రూటులో కాబట్టి రెండేళ్లు బతికిపోయాను.

అంతలో రాజస్థాన్ ఎడారిలోని నేషనల్ పార్కుకు మా క్లాసును తీసుకెళ్తామన్నారు. అక్కడి బట్టమేక పిట్టను చూడాలని నాకు ఒకటే ఆరాటం. ఆంధ్రా నుంచి వచ్చిన మా సారు ఒక షరతు పెట్టారు. "ఇసుక రంగు బట్టలే తేవాలి. మెరిసే రంగు చూస్తే పిట్ట బెదురుతుంది. బయల్దేరే ముందు సంచులు చూస్తాను, తేడా వస్తే ఇంటికి పంపేస్తాను."

అమ్మ ససేమిరా అంది. "ఏందే ఇది! మొదటి దఫా అంత దూరం పోతా ఉండావు, మట్టి రంగు గుడ్డలా? చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అంటూ నా సంచిలో చిలకాకుపచ్చ చుడీదారు కుక్కింది. నేను తీశాను. మళ్లీ కుక్కింది. పక్కింటి అత్త పంచాయితీకి వచ్చి, ఎడారిలో నీళ్లు యాడ దొరుకుతాయని అయిదు లీటర్ల క్యాను ఇచ్చి పోయింది. చివరికి నాన్న బీరువాలోంచి ఆ ఏడు యూనిఫారానికి ఇచ్చిన ఖాకీ గుడ్డ తీశాడు. "ఇసుక రంగంటే ఇదే కదా పాపా. రెండు చొక్కాలు కుట్టించుకో. నాకు పాతవి ఉండాయిలే." అది కండక్టరు గుడ్డని ఎవరైనా పట్టేస్తే? కానీ పిట్టను చూడాలి కదా, కుట్టించుకున్నాను.

బయల్దేరే రోజు గేటు దగ్గర సారు తనిఖీ మొదలుపెట్టారు. స్నేహితురాళ్ల ఖరీదైన చొక్కాలు ఎర్ర గీతో నీలం అక్షరాలో ఉన్నందుకు తిట్లు తిన్నాయి. నా ఒంటి మీది చొక్కా చూసి మాత్రం మురిసిపోయారు.

"అచ్చం ఎడారి రంగు! ఎక్కడ కొన్నావమ్మా?"

"ఆన్‌లైన్‌లో సార్," అన్నాను, రెప్ప వేయకుండా.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఒక టౌను బస్సు ఆగింది. నేను మరిచిపోయిన టోపీ పట్టుకుని, డ్యూటీ యూనిఫారంలో నాన్న దిగాడు. "పాపా, టోపీ మరిచిపోయినావే!" అందరూ ఆయన చొక్కా చూశారు, నా చొక్కా చూశారు. నేను నేల చూశాను.

సారు నవ్వాపుకుంటూ, "మీ అమ్మాయి ఇది ఆన్‌లైన్‌లో కొన్నదట. మీరెక్కడ కొన్నారండీ?" అన్నారు.

నాన్న ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. "నేనూ దాంట్లోనే సార్. ఇద్దరం ఒకే తూరి ఆర్డర్ పెట్టినాం," అని టోపీ నా నెత్తిన పెట్టి, ఎదురుగా వస్తున్న బస్సెక్కి వెళ్లిపోయాడు.

పిట్ట కనబడింది. నన్ను చూసి బెదరలేదు కూడా. అది కనబడినంతసేపూ నాకు నాన్న ముఖమే గుర్తొచ్చింది. తిరుగు రైల్లో స్నేహితురాళ్లకు అంతా చెప్పేశాను (వాళ్లకు గేటు దగ్గరే అర్థమైపోయిందట). నాన్నకు చెప్పడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది. మొన్న ధైర్యం చేసి, "ఆ రోజు తప్పు చేశాను నాన్నా" అన్నాను.

"ఏ రోజు పాపా?" అన్నాడు అమాయకంగా. పాపం, నవ్వు దాచుకోవడం మాత్రం ఆయనకు చేతకాలేదు.