సాయన్న ఒప్పుకున్న గోడ

1974లో నాందేడ్‌లోని ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో మరాఠీ టైపిస్టుగా చేరాను. ప్రభుత్వానికీ కాంట్రాక్టరుకూ కట్టడం మీద తగాదా వస్తే అక్కడ మామూలు కోర్టుకు పోరు, ఆర్బిట్రేటర్ ముందుకు వస్తారు. అంటే ఆ పని తెలిసిన తీర్పరి. మా ఆర్బిట్రేటర్ గారు ఇంజనీరే. గోడ సంగతి వకీలు కన్నా ఇంజనీరుకే బాగా తెలుస్తుందని అందరి నమ్మకం. గోడ తెలిస్తే చాలా, మనిషి మాట తెలియొద్దా అని నాకు ఇప్పటికీ కోపమే.

ధర్మాబాద్ కాంట్రాక్టరు సాయన్న ఉమ్రిలో బడి గోడ కట్టాడు. అది మొదటి వానకే కూలింది. సెలవు రోజు కాబట్టి పిల్లలు బతికారు. పునాది లోతు తగ్గించమన్నది పని చూసే సర్కారు ఓవర్సీరేనని సాయన్న వాదన. తప్పు తనదని తేలితే పేరు బ్లాక్ లిస్టుకెక్కుతుంది. ఇక ఏ సర్కారు పనీ రాదు.

విచారణలో సాయన్న, "ఆ గోడ నేనే ఒప్పుకున్న సార్" అన్నాడు. ఆ పని నేనే పట్టాను అని అర్థం. తెలుగు రాని ఆర్బిట్రేటర్ గారికి మా హెడ్ క్లార్కు తన బజారు తెలుగుతో దాన్ని మరాఠీలో "దోష్ కబూల్ కేలా" అని చెప్పాడు. అంటే తప్పు ఒప్పుకున్నాడట! తేడా నాకు తెలుసు. అంతమంది మగవాళ్ల మధ్య నోరు పెగల్లేదు. ఆ మాటను నా వేళ్లే టైపు చేశాయి. అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పకుండానే సాయన్న దాని మీద వేలిముద్ర వేశాడు.

తర్వాతి వాయిదాలో ఆర్బిట్రేటర్ గారు ఆ కాగితం చూపి, తప్పు ఒప్పుకున్నాక ఓవర్సీరు ఊసెందుకని సాయన్న వాదనను కొట్టేశారు. సాయన్న వరండాలో నా దగ్గరికి వచ్చాడు.

"తప్పు నేనెప్పుడు ఒప్పుకున్న బిడ్డా? గోడ ఒప్పుకున్న. నువ్వు తెలుగుదానివేనంట గద. నీకు సుత సమజ్ కాలేదా?"

"అయింది," అన్నాను.

లోపలికి వెళ్లి జరిగింది చెప్పాను. ఓవర్సీరు అక్కడే చాయ్ తాగుతున్నాడు. ఆర్బిట్రేటర్ గారు తలెత్తలేదు. "వేలిముద్ర పడ్డ కాగితం మారదు. టైపిస్టు పని టైపు చేయడం," అన్నారు. సాయన్నను బ్లాక్ లిస్టులో పెట్టమన్న తీర్పును కూడా నేనే టైపు చేశాను.

వేలిముద్ర పడకముందే కాగితాన్ని ఆ మనిషి భాషలో చదివి వినిపించాలి. ఆ కేసు నాకు నేర్పింది ఇదే. ఇప్పుడు తెలుగువాళ్లు వస్తే నేనే చదువుతాను, ఎవరి అనుమతీ అడగను. ఆలస్యమవుతోందని హెడ్ క్లార్కు విసుక్కుంటాడు, విసుక్కోనీ. ఇంకు ప్యాడ్ నా సొరుగులో ఉంటుంది. చదవడం అయ్యేదాకా బయటికి తీయను.