ఎంగిలి గడప

మా మధుసూదన్‌కు రెండు నోళ్లు. ఒకటి సుచిత్ర చౌరస్తా దగ్గరి ఫంక్షన్ హాల్లో మాట్లాడుతుంది, ఇంకొకటి మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో మాట్లాడుతుంది. మొదటిదానికి మైకు కావాలి. రెండోదానికి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. పక్కింటివాణ్ణి కాబట్టి రెండూ విన్నాను.

2011లో మొదటి నోరు కొత్త పాఠం నేర్చుకుంది. అప్పటికి అతను షామీర్‌పేట దారిలో హరిత విల్లాలు అమ్ముతున్నాడు. హరితం ఎక్కడుందయ్యా అంటే గేటుకు వేసిన రంగు చూపించాలి. కొనడానికి వచ్చినవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి, "నగరంలో ఇల్లు కట్టడమంటే పాతది పారేసి కొత్తది తేవడం కాదు. కూల్చిన ఇల్లు చెత్త కాదు, అది ఒక గని. దాని ఇటుక, కలప, బండ, ఇనుము మళ్లీ ఇంకో ఇంట్లోకి చేరాలి" అని చదివాడు. ఎవరో రాసిచ్చిన కాగితం. భోజనం కోసం వెనక వరుసలో కూర్చుని అంతా విన్నాను. ఒక్క మాట కూడా తప్పు లేదు. అదే వారం అతని ట్రాక్టర్లు కూల్చిన ఇళ్ల మలబా, ఇటుక ముక్కలూ సున్నం పెళ్లలూ అంతా తెచ్చి మా ఊరి కుంటలో పోస్తున్నాయి. సగం కుంట పూడింది. పూడిన చోట ప్లాట్ల హద్దురాళ్లు పాతారు.

తన తండ్రి కట్టిన ఇల్లు కూల్చింది కూడా ఆ ఏడే. టేకు దూలాలు, షాబాద్ బండలు, ఎక్కడా పగులు లేని గోడలు. కూల్చడానికి కారణం ఏమిటంటే, కొత్త కారు లోపలికి పట్టడం లేదు. ప్రహరీ తీసేస్తే సరిపోయేది. కానీ ప్రహరీ కూల్చినవాణ్ణి ఎవరు గొప్పవాడంటారు?

తల్లి బాలమణి అడ్డు చెప్పలేదు. ఒక్కటి మాత్రం అడిగింది.

"ఇల్లు నీ ఇష్టం బిడ్డా. గా ముందటి దర్వాజ మటుకు గడపతోని కొత్తింటికి పెట్టు. మీ నాయిన కలప ఎడ్లబండి మీద తెచ్చి చేపిచ్చిండు."

అప్పుడు రెండో నోరు తెరుచుకుంది. "ఎంగిలి గడప నా కొత్తింటికా? మంది ఏమనుకుంటరే?"

ఎంగిలి! ఎంగిలి విస్తరి విన్నాను, ఎంగిలి గ్లాసు విన్నాను. గడపకు కూడా ఎంగిలి అంటుతుందని కనిపెట్టిన ఘనుడు ఇతనే. మా దగ్గర పరాయి ఇంటి గడప ఎవరూ తెచ్చుకోరు. ఆ ఇంటి కీడు వెంట వస్తుందని భయం. భయమైతే పోనీలే అనుకోవచ్చు. ఇతనిది భయం కూడా కాదు, వట్టి బడాయి. పైగా అది పరాయివాళ్లది కాదు, కన్నతండ్రిది. నాకు ఒళ్లు మండింది.

ఇంటి సామానంతా వహాబ్‌కు గంపగుత్తగా అమ్మేశాడు. వహాబ్‌కు మేడ్చల్ రోడ్డు మీద పాత తలుపులు, కిటికీలు అమ్మే అడ్డా ఉంది. అతని మనుషులు వచ్చి ఇటుకలకు అంటుకున్న సున్నం గీకారు, దూలాలకున్న మేకులు పీకారు, బండలు పగలకుండా ఎత్తారు. "నువ్వు హాల్లో చెప్పింది ఇదే కదా" అన్నాను మధుసూదన్‌తో.

"గది వేరే, గిది వేరే" అన్నాడు.

దర్వాజను లారీ ఎక్కిస్తుంటే బాలమణి వహాబ్‌ను పక్కకు పిలిచింది.

"వహాబ్ భాయ్, గిదొక్కటి ఎవ్వలకు అమ్మకు. నేను మల్ల తీస్కుంట."

"ఫికర్ జెయ్యకమ్మా. గిది నా కాడ నీ అమానత్."

నమ్మి దాచమని ఇచ్చినదాన్ని అమానత్ అంటారు. వహాబ్ దాన్ని రేకుల కింద, వాన తగలకుండా రెండేళ్లు దాచాడు. ఎవరడిగినా అమ్ముడుపోయిందని అబద్ధమాడాడు.

మధుసూదన్ కొత్త ఇల్లు మాత్రం పరుగు మీద లేచింది. సర్పంచిగా నిలబడాలనుకున్నాడు, పంచాయతీ ఎన్నికలనాటికి అది మందికి కనపడాలని అతని ఆరాటం. ముందు తలుపు చూస్తే కళ్లు తిరుగుతాయి. అంత ఎత్తు తలుపు మా మండలంలో లేదు. మధ్యలో గజలక్ష్మి, అటో ఏనుగు ఇటో ఏనుగు, కింది అంచు దాకా తామరపూలు. కలప ఇంకా పచ్చిగానే ఉంది. అది ఆరేదాకా ఆగే ఓపిక అతనికెక్కడిది? తీరా ఎన్నికల్లో ఓడిపోయాడు. ఇల్లు మాత్రం ఆ శ్రావణానికి సిద్ధమైంది.

వెనక వంటింటి తలుపు సంగతి అతను పట్టించుకోలేదు. అటువైపు చుట్టాలు రారు కదా. "ఏదో ఒకటి తెచ్చి పెట్టుండ్రి" అని మేస్త్రీకి చెప్పి వెళ్లిపోయాడు. బాలమణికి ఆ మాట చాలు. వహాబ్ దగ్గరి నుంచి దర్వాజ గడపతో సహా ట్రాలీ ఆటోలో వచ్చింది. మేస్త్రీ నిలబెట్టాడు. గుర్తుపట్టకుండా దానికి నీలిరంగు వేయించింది.

"వానికి తెలిస్తే పీకి కుంటల పడేస్తడు. నువ్వు నోరు తెరవకు తమ్మీ" అంది నాతో. తెరవలేదు. అంత పెద్ద ఇంట్లో ఆమెకు తనది అనిపించేది అదొక్కటే.

గృహప్రవేశానికి ముందు ముసురు పట్టి వదల్లేదు. ప్రవేశం రోజు పొద్దున మధుసూదన్ పట్టుపంచె కట్టి, దేవుడి పటం పట్టుకుని తలుపు ముందు నిలబడ్డాడు. తాళం తిరిగింది. తలుపు కదల్లేదు. తడికి ఉబ్బి బిగుసుకుపోయింది. బావమరుదులు భుజాలు పెట్టి తోశారు. ఇద్దరు వెనకనుంచి లోపలికి వెళ్లి లాగారు, పిడి ఊడి చేతికొచ్చింది. ఒకడు కాలెత్తి తన్నబోతే "అమ్మవారయ్యా!" అని పంతులు కేక వేశాడు. గడ్డపార తెచ్చారు. ఎక్కడ దూర్చినా తామరకో ఏనుగుకో తగులుతుంది. ముహూర్తం దాటిపోతోందని పంతులు గోల.

"గడప ఉన్న ద్వారం ఇంకోటి ఉందా?" అని పంతులే అడిగాడు చివరికి. ఈ కాలపు ఇంట్లో మిగతా తలుపులకు గడపలెక్కడివి?

"ఎనుక ఉన్నది" అంది బాలమణి.

అందరూ అంట్లు తోమే బండ పక్కనుంచి వెనక్కి నడిచారు. గడపకు పసుపు, కుంకుమ అప్పటికే పెట్టి ఉన్నాయి. మధుసూదన్ గడపను చూశాడు, దర్వాజను చూశాడు. నీలిరంగు కింద ఉన్నదేమిటో అతనికి తెలిసిపోయింది.

"అమ్మా, గిది..."

"అవు, మీ నాయిన గడపనే. నువ్వు పుట్టినంక నిన్ను ఎత్తుకోని గీ గడపనే దాటిన. గది ఎంగిలైతే నువ్వు గుడ ఎంగిలోనివే. కుడికాలు పెట్టు, జల్దీ. పంతులు పరేషాన్ అయితాండు."

భోజనాలు ఇంకా పెట్టలేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. మధుసూదన్ కుడికాలు పెట్టాడు.

మర్నాడే పీకించాలని చూశాడు. ప్రవేశం చేసిన గడప కదిలిస్తే ఇంటికి అరిష్టమన్నాడు పంతులు. అంతే, మధుసూదన్ చేతులు ముడుచుకున్నాడు. ముందు తలుపు ఎండాకాలానికి వంకర తిరిగి ఇంకా బిగుసుకుంది. చిత్రిక పడదామంటే ఎక్కడ పట్టినా అమ్మవారే. వచ్చినవాళ్లందరూ, ఎంతటివాళ్లయినా, వెనకనుంచే రావాలి.

2014లో మళ్లీ హాల్లో మీటింగు పెట్టాడు. ఈసారి కాగితం లేదు. "నా సొంత ఇంట్లో మా నాన్నగారి గడపనే పెట్టించాను, అది నా పట్టుదల" అన్నాడు. గొంతు కూడా వణికించాడు. చప్పట్లు మోగాయి. నేను భోజనం చెయ్యకుండా లేచి వచ్చేశాను.

బాలమణి ఆ గడప పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. జరిగింది చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"చెప్పుకోనీ తమ్మీ. ముందటి తలుపు మీది లచ్చిమి ఇంకా బయటనే నిలవడ్డదని గుడ చెప్పిండా మరి?"