హసన్‌పర్తి చెరువు దాకా సరిపోయే కార్బురేటర్

మా నాయిన పోయాక ఆయన గుర్తుగా ఇంట్లో రెండు మిగిలాయి. ఒకటి పెరట్లో రేకుల కింద నిలబడిన పాత పెట్రోల్ జీపు. రెండోది, ఆ జీపు సంగతి ప్రపంచంలో తనకొక్కడికే తెలుసని నమ్మే మా అన్న. జీపు చాలా ఏళ్ళు మాట్లాడకుండా ఉంది. అన్న విషయంలో మాకు ఆ అదృష్టం కలగలేదు.

జీపును లేపాల్సిన అవసరం అమ్మ మోకాళ్ళ వల్ల వచ్చింది. అంతకుముందు ఏడాది సద్దుల బతుకమ్మనాడు, అమ్మ పేర్చిన బతుకమ్మను మా వదిన నెత్తిన పెట్టుకుని హసన్‌పర్తి చెరువుకు తీసుకుపోయింది. అమ్మ గడపలో కుర్చీ వేసుకుని వీధి ఖాళీ అయ్యేదాకా చూసింది. మేం తిరిగొచ్చి సత్తుపిండి ప్రసాదం చేతిలో పెడితే పక్కన పెట్టేసింది. ఆ మరుసటి ఏడాది మాత్రం తంగేడు పూయకముందే తేల్చి చెప్పింది.

“చెరువుల నా చేతులతోని ఇడిస్తెనే పేరుస్త. లేకుంటె ఇగ ఎన్నడు పేర్వ. బంద్.”

అమ్మ అన్నదంటే అన్నదే. జర్దా మానేదాకా మాట్లాడనని నాయినకు చెప్పి, ఒక వానాకాలమంతా నిజంగానే మాట్లాడలేదు. అందుకని ఇంట్లో అందరికీ గుబులు పట్టుకుంది. చిన్నప్పటి నుంచి గునుగు పూలకు రంగులద్ది, రాత్రికి గోళ్ళ నిండా ఆ రంగే మిగిలే చేతులు ఆమెవి. ఆ చేతులు ఊరుకుంటే మాకు బతుకమ్మ ఉండదని నాకు తెలుసు.

ఆటోలో తీసుకుపోవచ్చు కదా అని మీరనొచ్చు. మేమూ అన్నాం. ఆటోకు కప్పుంటుంది, అమ్మ బతుకమ్మకు ఎత్తుంటుంది. కారులో పోవాలంటే ఒడిలో పట్టేంత చిన్నది పేర్చాలి. ఆ మాట అమ్మ ముందు అనగల ధైర్యవంతులు మా వంశంలో ఇంకా పుట్టలేదు. పైన గుడ్డ తీసేస్తే జీపే సరి.

పాత కార్బురేటర్ అరిగిపోయి పెట్రోల్ కారుస్తోంది. ఇంజన్ లోపలికి పీల్చుకునే గాలిలో పెట్రోల్ కలిపి పంపేది అదే. మామూలు మనిషైతే అలాంటిదే ఇంకోటి తెచ్చి బిగించేవాడు. మా అన్న మామూలు మనిషి కాదు. ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. మధ్యాహ్నాలు బేరాలు లేనప్పుడు ఫోన్‌లో అమెరికా వాళ్ళ పాత కండల కార్ల వీడియోలు చూస్తాడు. వాటిని అక్కడ మజిల్ కార్లంటారట. ఎనిమిది సిలిండర్లు, ముందు బానెట్ మీద పెద్ద రంధ్రం, వెనక పొగ. అందులో ఒక గడ్డపాయన ఏ ఇంజన్‌కు ఎంత కార్బురేటర్ పెట్టాలో చెబుతాడు. మా అన్నకు ఇంగ్లిష్ కొంచెం తక్కువ, ఉత్సాహం చాలా ఎక్కువ. ఆ గడ్డపాయన చెప్పిన దాంట్లో పెద్ద అంకె ఒక్కటి పట్టుకుని, దానికి దగ్గరగా ఉన్న సరుకు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. దాని నోరు చూస్తే మా జీపును గుటుక్కున మింగేలా ఉంది.

నాకు ఈ రోగం కొత్త కాదు. హనుమకొండలో మా ఆయనకు మోటారు పంపుల దుకాణం ఉంది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేను. ధర్మసాగర్ నుంచి, రఘునాథపల్లి నుంచి రైతులు వస్తారు. బోరులో నీళ్ళెన్ని అని అడిగితే చెప్పరు, పక్క పొలం వాడి మోటారు ఎంతో చెప్పి దానికంటే పెద్దది ఇమ్మంటారు. పెద్దది దించితే బోరు కాసేపట్లో ఎండి మోటారు గాలి పీలుస్తుందని నేను చెబుతూనే ఉంటాను. వాళ్ళు మా ఆయన వైపు చూస్తూనే ఉంటారు.

కాబట్టి బతుకమ్మకు పుట్టింటికి వచ్చి, ఆ కార్బురేటర్‌ను చూసి, ఊరుకోలేకపోయాను.

“అన్నా, ఇది మన ఇంజన్‌కు శాన పెద్దగైతది.”

“పెద్దగైతె మంచిదే గద. ఎంత గాలి పోతె అంత తాకత్.”

“గాలి ఎంత పోవాలెనో ఇంజన్ చెప్తది, కార్బురేటర్ చెప్పది.”

కాగితం తీసుకుని లెక్క చూపించాను. నిజానికి అంత కష్టమైనది కాదు. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి నిండుగా గాలి పీలుస్తుంది. ఇంజన్ ఎంత పెద్దదో, మహా అయితే ఎంత జోరుగా తిరుగుతుందో తెలిస్తే, హెచ్చవేసి సగం చేస్తే నిమిషానికి ఎంత గాలి కావాలో వస్తుంది. ముసలి ఇంజన్ కాబట్టి నిండుగా పీల్చలేదు, అందులోనూ కొంత తగ్గించాలి. మిగిలిన దానికి సరిపోయే కార్బురేటర్ చాలు. మా అన్న తెచ్చింది దానికి రెండింతలు పైనే ఉంది.

“పెద్దగుంటె ఏమైతదే? మిగిలింది వాడుకోదు, అంతే గద.”

“పొయ్యి ఊదే గొట్టం ఉంటది సూడు. సన్నగుంటెనే గాలి జోరుగ పోయి మంట లేస్తది. బోరు పైపుతోని ఊదు, బూడిద గూడ కదలది. ఇది గూడ గంతే. నోరు పెద్దగైతె గాలి నిదానంగ పోతది, పెట్రోల్‌ను గుంజుకపోదు. మెల్లగ పోయినప్పుడు బండి దగ్గుతది, ఆగుతది.”

అన్న నన్ను జాలిగా చూశాడు. పంపులమ్ముకునే దానికి ఇంజన్ల సంగతేం తెలుసని ఆ చూపు. మెకానిక్‌కు ఏ అభ్యంతరమూ లేదు, ఏది తెస్తే అది బిగిస్తానన్నాడు. కింద బెజ్జాలు కలవకపోతే మధ్యలో ఒక ప్లేటు చేయించి మరీ కూర్చోబెట్టాడు. అన్న జీపు వేసుకుని హైదరాబాద్ రోడ్డు మీద రఘునాథపల్లి దాకా పోయొచ్చాడు. దిగుతూనే మీసం మీద చెయ్యేసుకుని, “విమానం లెక్క పోయింది, ఏమంటవ్ ఇప్పుడు?” అన్నాడు.

నేనేమంటాను? ఖాళీ రోడ్డు మీద అదిమి తొక్కితే ఇంజన్ ఆబగా పీలుస్తుంది, పెద్ద నోరైనా నడుస్తుంది. కానీ మేం పోవాల్సింది రఘునాథపల్లికి కాదు. పట్టుచీరలు కట్టుకుని, నెత్తిన బతుకమ్మలు పెట్టుకుని, పాడుకుంటూ నడిచే ఆడవాళ్ళ వెనక, వాళ్ళ అడుగులో అడుగేస్తూ చెరువు దాకా పోవాలి. ఆ వేగంలో బండిని పరీక్షించాలన్న ఆలోచన మా ఇంట్లో మగవాళ్ళకు రాదు. ఏనాడైనా ఆ వేగంతో నడిస్తే కదా.

ఇక అమ్మ. జీపుంది, మోసే పని లేదని తెలియగానే ఆమె తాంబాలం మార్చి ఇంకా పెద్దది తీసింది. తంగేడు, గునుగు, బంతి, పట్టుకుచ్చు, మళ్ళీ గునుగు, మళ్ళీ బంతి. సాయంత్రానికి అది నా భుజం దాకా వచ్చింది. పెద్దదైతే మంచిదన్న సిద్ధాంతం మా అన్నకు ఏ అమెరికా నుంచీ రాలేదని నాకు అప్పుడర్థమైంది.

నలుగురం పట్టి బతుకమ్మను జీపు వెనక ఎక్కించాం. అమ్మ పక్కన కూర్చుని రెండు చేతులా చుట్టుకుంది. నేను ముందు సీట్లో, అన్న స్టీరింగ్ దగ్గర, కొత్త చొక్కాలో. వీధి మలుపు దాకా జీపు బాగానే వచ్చింది. ఆడవాళ్ళ గుంపు వెనకకు చేరి వేగం తగ్గించగానే దగ్గడం మొదలుపెట్టింది. అన్న కాలు నొక్కితే ఒక్కసారి ముందుకు దూకింది, తీస్తే చతికిలబడింది. దూకినప్పుడల్లా బతుకమ్మ ఊగుతోంది. పైన పెట్టిన పసుపు గౌరమ్మ ఒక పక్కకు జరిగింది. ముందు నడిచేవాళ్ళు పాట ఆపి వెనక్కి తిరిగి చూస్తున్నారు. చెరువు కట్ట కనబడుతుండగా ఇంజన్ గట్టిగా ఒకసారి దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా పెట్రోల్ వాసన వచ్చింది గానీ బండి లేవలేదు. ప్లగ్గులు తడిసిపోయాయని నాకు తెలుస్తూనే ఉంది.

చెప్పానా లేదా అని అనడానికి నోరు తెరిచి, అమ్మ ముఖం చూసి మూసుకున్నాను. ఆమె బతుకమ్మను వదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. గుంపు మా పక్కనుంచి సాగిపోతోంది.

అన్న స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చివరికి అమ్మే అంది.

“ఏం సూస్తానవ్ రా? దిగి నెట్టు. చెల్లె పట్టుకుంటది స్టీరింగు.”

దిగాడు. కొత్త చొక్కా చేతులు పైకి మడిచి వెనక తలుపుకు భుజం ఆనించాడు. నేను గేరు తీసి స్టీరింగ్ పట్టుకున్నాను. జీపు కదిలింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. ముందు పాడుతున్న పాట మాటతో సహా వినబడింది. అమ్మ కూడా సన్నగా అందుకుంది. కట్ట ఎక్కేచోట వదిన, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి చెయ్యేశారు. అన్న చెమటకు తడిసి, రొప్పుతూ, అయినా ఆపలేదు. నీళ్ళ దగ్గర మేం పట్టుకుంటే అమ్మ మోకాళ్ళ లోతు దిగి, బతుకమ్మను తన చేతులతో వదిలింది. తర్వాత సత్తుపిండి ముద్ద మొదట అన్నకు పెట్టింది. లెక్క సరిగ్గా చేసిన నాకు ఆఖరున దొరికింది.

తిరిగొచ్చాక అన్న నా వైపు చూడకుండా, “ఆ లెక్క మల్లొకపారి చెప్పు,” అన్నాడు. చెప్పాను. ఈసారి సగం చేయడం దగ్గర తల కూడా ఊపాడు. పెద్దదాన్ని ఎవడికో అంటగట్టి, ఇంజన్‌కు తగ్గ చిన్నది తెచ్చి పెట్టించాడు.

మరుసటి ఏడు సద్దులనాడు జీపు నా చేతికిచ్చి, తను పక్కన నడుస్తానన్నాడు. బండి మెత్తగా సాగింది. ఆడవాళ్ళు ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది, ఎక్కడా దగ్గలేదు. నా లెక్క ఎంత సరిగ్గా వచ్చిందో చూసి నాకే ముద్దొచ్చింది. చెరువు కట్ట కనబడే చోటికి వచ్చేసరికి వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది.

“బిడ్డా, ఈసారి ఆగదా?”

“ఆగదమ్మా. ఫికర్ చెయ్యకు. సరైన సైజ్ పెట్టినం.”

అద్దంలో చూస్తే, అమ్మ బండి పక్కన నడుస్తున్న అన్న వైపు చూస్తోంది.

“జర బంద్ చెయ్యవే,” అంది. “అన్నను ఎన్కకు రమ్మను.”

నేను తాళం తిప్పి ఇంజన్ ఆపాను. ముందు పాడుతున్న పాట మళ్ళీ మాటతో సహా వినబడింది. అన్న చొక్కా చేతులు మడుచుకుంటూ వెనక్కి వెళ్ళాడు.