మంచు పల్చగా ఉన్నచోటు

డెల్ఫీన్‌కి అరవై దాటాయి. అబ్రహాం సరస్సు గడ్డకట్టగానే ఒడ్డున పాత వ్యాను ఆపుకుని, బూట్ల కింద కట్టుకునే ఇనప ముళ్ళు అద్దెకిస్తుంది. మంచులో దొంతర్లుగా బిగుసుకున్న తెల్లటి గాలిబుడగల్ని ఫొటోలు తీసుకోడానికి జనం విరగబడి వస్తారు. వంగి వంగి వాళ్ళ కాళ్ళకి పట్టీలు బిగించేసరికి ఆవిడ నడుం పడిపోతుంది. తను మాత్రం ఆ మంచు మీద అడుగుపెట్టదు. ఆనకట్ట కట్టి ఆ లోయని ముంచేయకముందు అక్కడ వాళ్ళ స్టోనీ తెగ జనం గుడిసెలూ, గుర్రాలు మేసే బయలూ, నాయనమ్మ సమాధీ ఉండేవి.

మొన్న ఒకతను జారిపడి, కాలు మడతపడి కేకలేస్తుంటే తప్పక వెళ్ళింది. "తిన్నగా రండమ్మా!" అని అతను అరుస్తున్నా, సగం దూరంలో పక్కకి తిరిగి చుట్టుదారిన పోయింది. భుజం ఆసరా ఇచ్చి తీసుకొచ్చేటప్పుడూ అంతే.

"నా కాలు చూసి కూడా ఇంత చుట్టు తిప్పారేంటమ్మా? అక్కడ మంచు పల్చనా?"

నిజం చెబితే, ఆ మంచు కిందున్న నాయనమ్మ దగ్గర్నుంచి పాత కథంతా ఎత్తుకోవాలి. అతను అయ్యో అంటాడు. మళ్ళీ తనే అతన్ని ఓదార్చాలి. అంత ఓపిక లేకపోయింది.

"ఆఁ, పల్చనే బాబూ. కాలు పెడితే లోపలికే."

మర్నాడు పొద్దున వచ్చేసరికి ఎవరో అక్కడ చుట్టూ ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు గుచ్చిపెట్టారు. జనం పిల్లల చేతులు పట్టుకుని దూరంగా తప్పుకుని నడుస్తున్నారు. డెల్ఫీన్ టీ పోసుకుని, అది చల్లారిపోయేదాకా వాళ్ళనే చూస్తూ కూర్చుంది.