పాడేరు దానిమ్మకాయలు

మా మేనత్త పోయింది. ఆ మాట నాకు ఇంట్లోవాళ్ళు చెప్పలేదు. పాడేరు ఆసుపత్రి నర్సు ఒకామె అత్త ఫోన్లోంచే నాకు ఫోన్ చేసింది. "ఆయాసంతో వచ్చారమ్మా, ఎంత చూసినా దక్కలేదు" అని, కాస్త ఆగి, "వచ్చినప్పుడల్లా చెప్తూనే ఉన్నాను, ఎవరినైనా తోడు తెచ్చుకోండని. వింటేనా!" అంది.

వచ్చినప్పుడల్లానా? మా అత్త పాడేరు వెళ్ళేది నాకు దానిమ్మకాయలు కొనడానికి. నాకు తెలిసింది అదొక్కటే. ఇన్నేళ్ళూ ఆమె నాకు తెలియనిచ్చిందీ అదొక్కటే.

నాకు పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బు ఉంది. సికిల్ సెల్ అంటారు. మా కొండల్లో కొత్త పేరేం కాదు. నొప్పి పట్టిందంటే ఎముకల్ని లోపలినుంచి ఎవరో మెలిపెడుతున్నట్టుంటుంది. చిన్నప్పుడు అలా ఏడుస్తూ పడుకుంటే అత్త నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకునేది. ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కేది, ఎక్కడ ముట్టకూడదో అక్కడ వేలు కూడా పెట్టేది కాదు. "నీకెలా తెలుస్తాది అత్తా?" అని అడిగితే, "నాకేటి తెలుసే గుంటా, నీ మొకం సూసి సెయ్యి ఏత్తన్నాను" అనేది. నేను నమ్మాను.

ఆమె మా ఇంట్లోనే ఉండేది. పెళ్ళయిన కొత్తలోనే అత్తవారింటినుంచి తిరిగి వచ్చేసిందని తెలుసు, ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. పడలేదేమో అనుకున్నాను.

దానిమ్మకాయలు మా హుకుంపేట సంతలోనూ దొరుకుతాయి. ఆమెకు అవి పనికిరావు. "ఈ సంతవి పైకే ఎరుపు, ఒలిత్తే లోన తెలుపు. పాడేరువే బాగుంటాయి" అని పొద్దున్నే జీపెక్కేది. నేనూ వస్తానంటే చచ్చినా ఒప్పుకునేది కాదు. "ఆ జీపు కుదుపులికి నీకు నొప్పి తిరగబెట్టీగలదు. పడుకో, బేగి వొచ్చెత్తాను." బేగి ఎక్కడ, దీపాలు పెట్టే వేళకు వాడిపోయిన మొహంతో దిగేది. కిలో దానిమ్మ కొంటే కాఫీ తోటలో రోజంతా పళ్ళు కోసిన కూలి దాదాపు అయిపోయేది, పైన జీపు ఛార్జీ. నా కోసం ఇంత యాతన పడుతోందని నాకు ముద్ద దిగేది కాదు. ఆమె ఎదురుగా కూర్చుని నన్ను అలా బాధపడనిచ్చింది. ఇది మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

రసం తియ్యడంలో ఆమెకు ఎవరూ సాటి రారు. గింజల్ని పాత నూలుచీర ముక్కలో మూటకట్టి, స్టీలు గ్లాసు మీద మెల్లగా పిండేది. "గింజ నలిగిందా, వగరొచ్చెత్తాది. నెమ్మదిగా అడిగితే అదే ఇత్తాది" అనేది. పంచదార పడనిచ్చేది కాదు. బస్టాండు దగ్గర మిక్సీలో తిప్పి, ఐసు ముక్కలు వేసి అమ్మేదాన్ని ఆమె రసం అనేదే కాదు, ఎర్ర షర్బత్తు అని తీసిపారేసేది. ఆమె పిండిన రసం ముందు తియ్యగా తగిలేది, తర్వాత కాస్త పుల్లగా, మింగాక నాలుక మీద చిన్న వగరు మిగిలేది. జ్వరంతో నోరు చేదెక్కినప్పుడు కూడా ఆ గ్లాసు వద్దనాలనిపించేది కాదు.

తను తాగేది కాదు, పళ్ళు పులుస్తాయనేది. తొక్కల్ని చాటలో ఎండబెట్టి, మరిగించి, ఆ నల్లటి నీళ్ళు తాగేది. పిసినారి అత్తా అని ఆటపట్టిస్తే, "నీకు రసం, నాకు తొక్కు. కాయ ఒకటే కదేటి!" అని నవ్వేది.

నేను అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. దానిమ్మ రసం తాగితే రక్తం పడుతుందా అని కడుపుతో ఉన్నవాళ్ళు అడుగుతుంటారు. మంచిదే, నోటికి రుచి, ఒంటికి కాస్త సత్తువ, కానీ అది మందు కాదు, మాత్రలు మానకండి అని చెప్తాను. అంత ధర పెట్టలేకపోతే మునగాకు వండుకోండి, చోడి అంబలి తాగండి అంటాను. ఈ మాటలు నాకు ముందు చెప్పింది డాక్టరు కాదు, అత్తే. "రసం తాగినానని మాత్ర మానీకు. నీల్లు బాగా తాగు" అని వెంటపడేది. బడి మొహం చూడని మనిషికి ఇవన్నీ ఎలా తెలిశాయా అని ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పుడు ఆ ఆశ్చర్యం లేదు.

దినం అయ్యాక మా నాన్నను నిలదీశాను. అత్తకు ఆయన అన్న. తల దించుకుని చెప్పాడు. "దానిదీ నీ జబ్బేనే. అత్తోరింటికాడ నొప్పొచ్చి పడిపోతే, జబ్బు గుంటని అంటగట్టినారని పంపించీసినారు. నీకు సెప్పొద్దని నాసేత ఒట్టేయించుకుంది. నన్ను సూసి నా కోడలు బెంగెట్టుకుంటాది, నా బతుకే దానికీ రాసుందనుకుంటాది అన్నాది."

బెంగా! ఆమెకు యాభై దాటాయి. నా జబ్బుతోనే యాభై దాటిన మనిషి నా పక్క మంచం మీదే పడుకునేది. నేనేమో పుట్టినరోజు వచ్చినప్పుడల్లా మరుసటి ఏడు చూస్తానో లేదో అని వణికేదాన్ని. ఎన్నాళ్ళు ఉంటానో తెలియని దాన్ని, నాకు పెళ్ళెందుకని వచ్చిన సంబంధం కాదన్నాను. ఆ మాట అన్నప్పుడు అత్త అక్కడే కూర్చుని గింజలు ఒలుస్తోంది. తలెత్తలేదు. "నన్ను సూడే, నేను బతకలేదేటి" అని ఒక్క మాట అంటే, ఆమె నాకు తాగించిన రసమంతా కలిపినా ఇవ్వని బలం వచ్చేది. అది ఒక్కటీ నాకు పెట్టకుండా దాచుకుంది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచి రాశాను. ఆమె చేతుల్లో పెరిగాను, ఆమె పెట్టిందే తిని నిలబడ్డాను. అయినా నన్ను మోసం చేసింది. ఇదీ రాయకపోతే నేనూ ఆమెలాగే దాచినదాన్ని అవుతాను.

ఆసుపత్రిలో ఆమె సంచి నా చేతికిచ్చారు. అందులో దానిమ్మకాయలున్నాయి. ఊపిరి ఆడని మనిషి ఆసుపత్రికి వెళ్తూ ముందు పళ్ళ కొట్టు దగ్గర ఆగిందన్నమాట. అబద్ధం నిలబెట్టుకోవడానికా, నా మీద ప్రేమ కొద్దీనా? అడుగుదామంటే మనిషి లేదు.

ఆ కాయల రసం నేనే పిండాను. గింజలు నలిగిపోయాయి, గ్లాసంతా వగరు. తాగాను.

ఆమె పాడేరు వెళ్ళేముందు ఎండబెట్టిన తొక్కలు అరుగు మీద చాటలో అలాగే ఉన్నాయి. ముడుచుకుపోయి, నల్లబడి. పారేయమని అమ్మ రోజూ అంటోంది. పారేయలేదు, మరిగించనూ లేదు. కొండ మీద మబ్బు కమ్మితే మాత్రం, అత్తను తిట్టుకుంటూనే లేచి, చాట లోపల పెడుతున్నాను.